నాలుగో లైన్లో పద్నాలుగు కార్లు

నాకు క్షమించడం చేతకాదు. చిన్నప్పుడు నా పలక పగలగొట్టిన పిల్ల ఇప్పుడు ఇద్దరు మనవల్ని ఎత్తుకుని ఎదురుపడినా మొహం తిప్పుకుంటాను. మా అక్క నాలా కాదు, నోట్లో నాలుక లేని మనిషి అంటారు అందరూ. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అక్కకి నాలుక ఉందనీ, పదకొండేళ్లు దాచుకుందనీ మొన్నటిదాకా నాకు తెలియదు.

అక్క పెద్దరోడ్డు మీద టోల్ గేటులో తొమ్మిదేళ్లు పనిచేసింది. నాలుగో లైను. ఆ బూత్ ఎంత ఉంటుందంటే, కూర్చున్నచోటునుంచి రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒక స్టూలు, చిల్లర సొరుగు, తల తిప్పని ఫ్యాను, పక్కకి జరిపే అద్దం. కుడిచేయి ఎప్పుడూ కిటికీ బయటే కాబట్టి మోచేతి దాకా నల్లబడిపోయింది. ఎడమచేయి మాత్రం తెల్లగా ఉండేది. రెండూ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషుల చేతులనుకోవాలి. ఆ నలుపు ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. మా బావ ఆటపట్టించేవాడు, నేను కట్టుకున్నది ఏ చేతినే అని.

అక్కడ పైవాడొకడు ఉండేవాడు. వాడి మెడలో గడియారం వేలాడుతుండేది, నొక్కితే పరిగెత్తి నొక్కితే ఆగేది. బండికి ఏడు సెకన్లు, అదీ వాడి చట్టం. ఎనిమిదయితే వెనకనుంచి కేక. అందుకని వాణ్ని అందరూ స్టాప్‌వాచ్ అనేవాళ్లు, చాటుగానే లెండి. వాడికి మాత్రం మనుషుల పేర్లు తెలియవు. లైను నంబరే పేరు. "నాలుగూ, నిద్రపోతున్నావా?" అనేవాడు. తొమ్మిదేళ్లలో ఒక్కసారయినా అక్కని పేరు పెట్టి పిలవలేదు.

ఒకరోజు పొద్దున్నే వాడు అక్క కిటికీ దగ్గరికొచ్చి ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడాడట. వాడి కూతురి పెళ్లి ఆ రోజు. మగపెళ్లివారు ఆ దారినే రావాలి. "ముందు అద్దానికి ఎర్ర రిబ్బను కట్టుంటుంది. అన్నీ నీ లైన్లోకే రమ్మన్నాను. ఆపకు, అడగకు. రిజిస్టర్‌లో తర్వాత నేనే రాసి సంతకం పెడతాను" అన్నాడు. డబ్బు కట్టకుండా ఏ బండిని వదిలినా రిజిస్టర్‌లో కారణం రాసి పైవాడి చేత సంతకం పెట్టించాలి. అంబులెన్సయినా అంతే. డబ్బు పడకుండానే గేటు లేపే పసుపుపచ్చ బొత్తాం అక్క పద్నాలుగుసార్లు నొక్కింది. పద్నాలుగు కార్లు నవ్వుకుంటూ, చేతులూపుకుంటూ పోయాయి. వాడు పెళ్లి హడావుడిలో రాయలేదో, అసలు రాసే ఉద్దేశమే లేదో. నన్నడిగితే రెండోదే.

నెల తర్వాత తనిఖీవాళ్లు వచ్చారు. కెమెరాలో పద్నాలుగు, రిజిస్టర్‌లో సున్నా. స్టాప్‌వాచ్‌ని పిలిచి అడిగితే, "నాకేం తెలుసు, ఆ రోజు నేను సెలవులో ఉన్నాను" అన్నాడు. సెలవే మరి, పెళ్లికూతురి తండ్రి కదా. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తన ఉద్యోగం నిలబెట్టుకోవడానికి అక్క మీద ఒక కాగితం రాసిచ్చాడు. ఫలానా తేదీన, నాలుగో లైన్లో, డబ్బు తీసుకుని పద్నాలుగు బండ్లను వదిలింది, ఎవరికీ తెలియదనుకుంటే చేయి చాపే మనిషి, నమ్మదగినది కాదు. కింద సంతకం. దాని తోక తేలు కొండిలా పైకి లేచి ఉంటుంది.

అక్క ఉద్యోగం పోయింది. అది సరే, ఉద్యోగాలు పోతుంటాయి. నిప్పు లేనిదే పొగరాదన్నారు చుట్టుపక్కలవాళ్లు. బావ అక్కని నమ్మాడు గానీ బావ తల్లి నమ్మలేదు. ఆవిడ పోయేదాకా బీరువా తాళం చెవి దిండు కింద పెట్టుకునే పడుకుంది. ఆవిడకి చివరి మూడేళ్లూ మంచం మీదే అన్నీ చేసింది మా అక్కే. నీళ్లు పోసి, తల దువ్వి, పక్క మార్చేటప్పుడు ఆ తాళం చెవి తీసి ఆవిడ చేతిలోనే పెట్టి, దుప్పటి పరిచాక మళ్లీ దిండు కింద పెట్టించేది. అది చూసినప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది. స్టాప్‌వాచ్‌ని నేను తిట్టని తిట్టు లేదు. అక్క మాత్రం ఆ కాగితం నకలు ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి చేతిసంచిలో పెట్టుకుంది. ఎందుకే అంటే, "ఉండనీ" అనేది.

తర్వాత ఆ బూత్‌లన్నీ పీకేశారు. ఇప్పుడు గేటు దగ్గర మనుషులు లేరు, పైన కెమెరాలే. మేమిద్దరం విమానాశ్రయం పక్కన అద్దెకార్ల ఆఫీసులో చేరి ఐదేళ్లయింది. నేను వెనక షెడ్డులో కార్లు కడిగి, గీతలు చూసి, ముందుకి తెచ్చి పెడతాను. అక్క ముందు కౌంటర్లో కూర్చుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లకి టోల్ సంగతి చెప్పడం ఆమె పని.

ఆ పని మీరనుకున్నంత తేలికకాదు. బయటనుంచి వచ్చినవాళ్లకి మూడు దారులు. ఒకటి, ఏమీ తీసుకోకుండా పోవడం. అప్పుడు కెమెరా కారు నంబరు ఫోటో తీస్తుంది, బిల్లు మా ఆఫీసుకొస్తుంది, మావాళ్లు గేటుకింత అని తమ రుసుము కలిపి పంపుతారు. రెండు, మా ట్యాగ్. అది అద్దం మీద చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది, మూత జరిపి తెరిస్తే పనిచేస్తుంది. కానీ కారు ఇంటిముందు నిలబడి ఉన్నా దానికి రోజు అద్దె పడుతూనే ఉంటుంది. మూడు, టోల్ గేట్లు నడిపే రోడ్డు కంపెనీవాళ్ల సందర్శకుల పాస్. మన పేరు మీద, ఆ కారు నంబరుకి. దాటిన గేటుకే డబ్బు. కారు మార్చుకుంటే నంబరు మార్పించుకోవాలి, అంతే. అయితే ఈ మూడోది తీసుకున్నవాళ్లు ఆ పెట్టె మూత వేసే ఉంచాలి. తెరిచి ఉంటే పైన యంత్రం రెండూ చదువుతుంది, రెండు చోట్లా వాయిస్తారు. పక్క కౌంటర్లవాళ్లు ఆ ఒక్క మాట చెప్పరు. అక్క చెప్పడమే కాదు, లేచి వెళ్లి మూత తన చేత్తో నొక్కి చూసి వస్తుంది. ఎన్ని కార్లయినా సరే.

అందుకేనేమో, రోడ్డు కంపెనీవాళ్లు సందర్శకుల కోసం కొత్తగా సహాయకేంద్రం పెడుతూ, దానికి ఇన్‌చార్జిగా ఉండేందుకు దరఖాస్తు పెట్టమని అక్కనే అడిగారు. పెట్టింది. వారానికి తిరిగొచ్చింది, ఆ పాత కాగితం దానికి గుచ్చి. ఈ ఆరోపణ తప్పని అప్పుడక్కడున్న ఎవరైనా రాసిస్తే సరే, నెలాఖరు గడువు, లేకపోతే లేదు. అక్క పాత లైన్లవాళ్ల ఇళ్లకి తిరిగింది. మూడో లైను కాఫీ ఇచ్చింది, ఐదో లైను కంటతడి పెట్టింది. కలం మాత్రం ఎవరూ పట్టలేదు. పాత గొడవలు ఇప్పుడెందుకమ్మా అన్నారు.

నెలాఖరుకి ఆరు రోజులుందనగా, షెడ్డులో నా చేతికి ఒక చీటీ వచ్చింది. పెద్ద కారు, ఇరవైరెండు రోజులు, ముగ్గురు మనుషులు. తీసుకునేవాడి పేరు చదివాను. మళ్లీ చదివాను. ఆ కొండి సంతకం కింద అచ్చువేసి ఉన్న పేరే.

నేను చేసింది చెబుతాను, దాచుకోను. ఆ కారు కడిగి, తుడిచి, అద్దం మెరిపించి, పెట్టె మూత తెరిచి పెట్టాను. రోజు అద్దె ఇరవైరెండు రోజులు, దాటిన ప్రతి గేటుకీ రెండోసారి. ఎవరికీ తెలియదు. కుక్కకాటుకి చెప్పుదెబ్బ అనుకుంటూ కారు ముందుకి తెచ్చి, తాళాలు పట్టుకుని లోపలికెళ్లాను.

వాడు అక్క ఎదురుగా కూర్చుని ఉన్నాడు. జుట్టు పోయింది, పొట్ట వచ్చింది. మెడలో గడియారం లేదు గానీ వేళ్లతో బల్ల మీద అదే దరువు. పక్కన కూతురు, అల్లుడు. అక్క మొహం చూస్తే గుర్తుపట్టిందని నాకు తెలిసిపోయింది. వాడు పట్టలేదు. పట్టకపోవడమేమిటండీ, తొమ్మిదేళ్లు వెనక నిలబడ్డాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

"ఎన్ని రోజులుంటారండీ?" అంది అక్క.

"చీటీలో ఉంది కదమ్మా. ఆ ట్యాగ్ పెట్టించెయ్, పోదాం. టోల్ గేట్ల గురించి నాకు చెప్పక్కర్లేదు. వీటి మీదే నా ఉద్యోగమంతా గడిచింది."

"చెప్పడం నా పనండీ. ఎన్ని గేట్లు దాటుతారు?"

కూతురు చెప్పింది. "బాబాయి వాళ్లింటికి వెళ్లేటప్పుడు నాలుగు, తిరిగొచ్చేటప్పుడు నాలుగు. మిగతా రోజులన్నీ అక్కడే ఉంటాం."

"అయితే ట్యాగ్ వద్దు. ఎనిమిది గేట్ల కోసం ఇరవైరెండు రోజుల అద్దె కడతారు. సందర్శకుల పాస్ తీసుకోండి" అని అక్క మూడు దారులూ నిదానంగా చెప్పింది. వాడికి నచ్చలేదు. తెలియని విషయం ఒక కౌంటర్ మనిషి దగ్గర నేర్చుకోవాల్సి వచ్చిందని గొణుక్కుంటూ తల ఊపాడు.

అల్లుడు నవ్వుమొహం మనిషి. మామగారిని కాస్త ఉబ్బిద్దామనుకున్నాడు పాపం. "మా మామయ్యకి టోల్ కట్టడం అలవాటు లేదండీ. మా పెళ్లికి పద్నాలుగు కార్లలో వచ్చాం. నాలుగో లైన్లోకి రమ్మన్నారు, వెళ్లగానే గేటు తనంతట తనే లేచిపోయింది. ఒక్క పైసా కట్టలేదు. మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు, ఏం పరపతిరా వీడి మామగారిదని."

"ఇప్పుడవన్నీ ఎందుకు" అన్నాడు స్టాప్‌వాచ్.

అక్క కీబోర్డు పక్కకి తోసింది. లేచి, "కారు ఒకసారి చూసొస్తాను" అని బయటికి నడిచింది. నేను వెనకే వెళ్లాను.

కారు తలుపు తీసి, వంగి, చేయి పైకి పెట్టి చూసింది. తెరిచి ఉంది. నావైపు తిరిగింది.

"నువ్వేనా?"

"నేనే."

"మూసెయ్."

"అక్కా, ఇరవైరెండు రోజులే. ఎవరికీ తెలియదు. అత్తగారి తాళం చెవి మర్చిపోయావా?"

"వాడు రాసింది అదే కదే," అంది, "ఎవరికీ తెలియదనుకుంటే చేయి చాపే మనిషినని. ఇవాళ మూత తెరిచి పంపితే వాడు రాసింది నిజమైపోతుంది. పదకొండేళ్ల తర్వాత నేనే సంతకం పెట్టినట్టు."

"మరి ఊరికే వదిలేస్తావా?"

మూత తనే జరిపి మూసింది. టక్కుమంది. "ఎవరు వదిలేస్తానన్నారు? నాకు వాడి డబ్బు వద్దు. నాకు వాడి పెళ్లివారు కావాలి."

ఆ మాట అన్నప్పుడు అక్క గొంతు నేనెప్పుడూ విననిది.

లోపలికి వచ్చి కూర్చుని ఒక కాగితం ముందుకి జరిపింది. పాస్ తీసుకునే ప్రతివాళ్లూ సంతకం పెట్టేదే అది. "టోల్ పాస్ గురించి కౌంటర్ సిబ్బంది నిజాయితీగా, పూర్తిగా వివరించారు. వాహనంలో ట్యాగ్ పెట్టె మూత వేసి ఉంది." కింద అక్క పేరు అచ్చువేసి ఉంటుంది. వాడు చదవలేదు. బరబరా గీకాడు. తోక పైకి లేచింది.

అక్క చేతిసంచి తెరిచి ప్లాస్టిక్ కవర్ బయటికి తీసింది. పాత కాగితం కొత్తదాని పక్కన, అంచుకి అంచు కలిపి పెట్టింది. రెండు కొండి సంతకాలూ పక్కపక్కన నిలబడ్డాయి. రెండూ వాడివైపు కాదు, కూతురివైపు తిప్పింది.

"అమ్మా, ఈ తేదీ మీకేమైనా గుర్తుందా?"

ఆ అమ్మాయి వంగి చూసింది. "ఇది మా పెళ్లిరోజు కదా" అని మొగుడివైపు తిరిగి, "మీకెలాగూ గుర్తుండదు" అంది, నవ్వుతూనే. తర్వాత కింది వాక్యాలు చదివింది. నాలుగో లైను. పద్నాలుగు బండ్లు. డబ్బు తీసుకుని. చదువుతుంటే నవ్వు పోయింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

స్టాప్‌వాచ్ లేచాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం నేను ఆ రోజే కళ్లారా చూశాను. చొక్కా సర్దుకున్నాడు, జేబు తడుముకున్నాడు, లేని గడియారం కోసం మెడ కూడా తడుముకున్నాడు. "ఏదో పాత ఆఫీసు కాగితం. పదండి, ఆలస్యమవుతోంది" అన్నాడు.

"ఏడు సెకన్లు చాలు సార్" అంది అక్క.

అప్పుడు చూశాడు. మొహం కాదు, బల్ల మీదున్న చేతులు చూశాడు. ఒకటి నలుపు, ఒకటి తెలుపు.

"నాలుగు" అన్నాడు మెల్లగా.

"నాకు పేరు కూడా ఉంది సార్. రెండు కాగితాల మీదా ఉంది, ఇప్పుడయినా చదవండి."

కూతురు తండ్రిని అడిగింది. "నాన్నా, ఆ కార్లు మన పెళ్లివారివే కదా. ఈవిడ డబ్బెక్కడ తీసుకుంది?"

"అప్పటి పరిస్థితి నీకు తెలియదు. నీ పెళ్లయిన నెలకే నా ఉద్యోగం పోతే నీ అత్తవారి ముందు..."

"ఈవిడ ఉద్యోగం పోయింది కదా" అంది కూతురు.

వాడు అక్కవైపు తిరిగాడు. వాడి గొంతు తగ్గింది, మర్యాద పెరిగింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. "చూడమ్మా, జరిగిందేదో జరిగింది. పిల్లల ముందు ఎందుకిదంతా. మీకేం కావాలో చెప్పండి, ఎంతయినా నేను..."

"మీకు ఎనిమిది గేట్లే సార్. అంతకంటే ఎక్కువ మీరు కట్టక్కర్లేదు."

వాడు మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. ఆ అమ్మాయి అక్క కలం తీసుకుని మొగుడి చేతిలో పెట్టింది. "రాయండి. ఆ కార్లలో కూర్చున్నది మీరు." పాపం, ఐదు నిమిషాల క్రితం గొప్పగా చెప్పుకున్న కథ అది. ఆ కథే ఇప్పుడు తలవంచుకుని రాశాడు. తను పెళ్లికొడుకుననీ, మూడో కారులో ఉన్నాననీ, నాలుగో లైన్లోకి రమ్మని చెప్పింది మామగారేననీ, ఎవరికీ డబ్బు ఇవ్వలేదనీ, కార్లన్నిటికీ ఎర్ర రిబ్బను ఉందనీ. ఐదు వాక్యాలు. సంతకం పెట్టి తేదీ వేశాడు. మామ ఆపలేదు. వియ్యంకుడి ముందు పరువు కోసం చేసిన పని, ఆ వియ్యంకుడి కొడుకు చేత్తోనే కాగితమెక్కుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆ దృశ్యం కోసం నేను ఒక నెల జీతం వదులుకునేదాన్ని.

వాళ్లు లేచారు. అల్లుడూ కూతురూ ముందు నడిచారు. మామగారిని ఎవరూ రమ్మనలేదు. వాడు గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి వచ్చాడు. క్షమాపణ అడుగుతాడేమో, అడిగితే అక్క మెత్తబడుతుందేమోనని నాకు భయం వేసింది.

"ఆ పెట్టె మూత... నిజంగా వేసే ఉందా?" అన్నాడు.

అక్క వాడివైపు చూసింది. "నమ్మదగిన మనిషిని కాదు కదా సార్ నేను. ప్రతి గేటు దగ్గరా మీరే చూసుకోండి" అని వాడి భుజం మీంచి వెనక వరసవైపు చూసి, "తర్వాత ఎవరండీ?" అంది.

రోడ్డు కంపెనీవాళ్లు ఆ కాగితం చూసి, అల్లుడికి ఫోను చేసి కనుక్కుని, నెలాఖరుకి ముందురోజు జవాబు పంపారు. రెండే వాక్యాలు. పాత ఆరోపణ కొట్టివేశాం. ఫలానా తేదీన చేరండి. అక్క ఆ జవాబు పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆ గదిలో ఇప్పుడు మంచం కూడా లేదు. బావ బీరువా తాళం చెవి తెచ్చి బయటే నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ముసలావిడ ఒక్క ఏడాది ఆగి పోయుంటే ఏం పోయేది?

ఇరవైరెండో రోజున కారు తిరిగొచ్చింది. అల్లుడొక్కడే తెచ్చి, తాళాలిచ్చి, నాతో ఎక్కువ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. అక్కకి మా ఆఫీసులో అది ఆఖరి వారం. బిల్లు తీసింది. పాస్ మీద ఎనిమిది గేట్లు, ట్యాగ్ మీద ఏమీ లేదు.

నేను అద్దం తుడవడానికి కారెక్కాను. ఎక్కి, గుడ్డ పక్కన పెట్టి అక్కని కేకేశాను. ఆ పెట్టె మూత నిండా వేలిముద్రలు. మూత మీద, అంచు మీద, చుట్టూ అద్దం మీద, ఒకదాని మీద ఒకటి జిడ్డుగా. ఎనిమిది గేట్లకి అన్ని ముద్రలు పడవు. ఇంటిముందు నిలబెట్టిన రోజుల్లో కూడా వచ్చి వచ్చి నొక్కి చూసుకున్నాడన్నమాట.

అక్క కారులోకి వంగి చూసింది.

"కడిగెయ్యనా?" అన్నాను.

"ఈ పూటకి ఉండనీ" అంది.